పీత సాలెపురుగు: క్రొత్తజాతి నిర్ణయము

వల పన్నక, పూవులలో పొంచియుండి, పీతవలె ప్రక్కకు నడచునది పీత సాలెపురుగు. పొడవైన ముందరి రెండుజతల కాళ్లతో నిది ఈఁగలను, పురుగులను పట్టును.

తెల్లనిదొకటి, పసుపుపచ్చనిదొకటి కనఁబడినంతమాత్రమున రెండుజాతులని మనము తలఁపరాదు. కొన్నిజాతులలో ఆఁడుది తానున్న పూవు ననుసరించి కొలఁదిదినములలో రంగు మార్చుకొనును. కావున శాస్త్రజ్ఞులు పూర్తిగా పెరిగినదాని జననావయవముల నిర్మాణమును సూక్ష్మదర్శినితో పరీక్షించి, తెలిసిన జాతులతో పోల్చి, భేదము స్థిరపడిన పిమ్మటనే క్రొత్తపేరిడుదురు. భారతదేశపు పీత సాలెపురుగులను వర్ణించుచు టికాదర్‌గారు 1980లో గ్రంథము ప్రకటించిరి.

ఇది తేనెటీఁగలను సైతము పట్టుట నిజమే. అయినను పైరునకు కీడుచేయు పురుగులనుగూడ తినును. విషౌషధము చల్లినచో రెండును చచ్చును. కావున రైతుసోదరులు ముందుగా పూవులను పరిశీలించి, అవసరమైనచోటనే మందు చల్లవలెనని కోరుచున్నాము.