ఉప్పు – రక్తపోటు

ఉద్దేశం: నిత్యం మనం తినే ఉప్పుకూ రక్తపోటుకూ గల సంబంధాన్ని తెలియజేయడం, ఆహారంలో మితం పాటించవలసిన ఆవశ్యకతను విద్యార్థులకు బోధించడం.

“అన్నీ వేసి చూడు, నన్ను వేసి చూడు” అన్నదట ఉప్పు. షడ్రుచులలో లవణానికి మన పెద్దలు ఇచ్చిన స్థానాన్ని ఈ సామెత తెలుపుతున్నది. ఎంత శ్రమపడి వండినా ఉప్పు లేని కూర నోటికి హితవు కాదు. అయితే నాలుకకు హితమైనదంతా దేహానికి హితం కాదు.

కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాలు సముద్రానికి దూరమైనవి. రైళ్లూ లారీలూ లేని కాలంలో బంజారాలు ఎద్దుల మందలపై ఉప్పు మూటలు వేసుకొని, తీరప్రాంతం నుండి దక్కను పీఠభూమికి తెచ్చేవారు. ‘లంబాడీ’ అనే పేరు ‘లవణ’ శబ్దం నుండి పుట్టిందని కొందరి అభిప్రాయం. జొన్నలు ఇంట పండినా ఉప్పును మాత్రం కొనక తప్పేది కాదు. అంత దూరం నుండి వచ్చిన వస్తువును ఎవరు వృథా చేస్తారు? నేడు అడవి అంచున ఉన్న పల్లెలోని చిన్న దుకాణంలో సైతం ఉప్పు ప్యాకెట్టు దొరుకుతున్నది. కొరత తీరింది కాని మితం తప్పింది.

ఉప్పులో సుమారు 40 శాతం సోడియం ఉంటుంది. నాడుల పనికీ, కండరాల కదలికకూ అది అవసరమే. అధికమైన సోడియంను మూత్రపిండాలు విసర్జిస్తాయి. వాటి శక్తికి మించినప్పుడు అది దేహంలోనే నిలిచి, నీటిని కూడా నిలుపుతుంది. “ఉప్పు తిన్నవాడు నీళ్లు తాగాలి” అనే సామెత శరీరశాస్త్ర దృష్టిలోనూ అక్షరసత్యం. నీరు చేరి రక్త పరిమాణం పెరుగుతుంది. మోటారు ఎక్కువ నీటిని తోసినప్పుడు పైపు గోడలపై ఒత్తిడి పెరిగినట్లే, రక్తనాళాల గోడలపై ఒత్తిడి పెరుగుతుంది. ఇదే అధిక రక్తపోటు.

సాధారణంగా ఆరోగ్యవంతుని రక్తపోటు 120/80కి మించదు. పలుమార్లు పరీక్షించినప్పుడు 140/90 లేదా అంతకు మించి ఉంటే వ్యాధిగా పరిగణిస్తారు. నొప్పి లేదు, జ్వరం లేదు. అందుచేత ఎందరో దీనిని గుర్తించరు. గుర్తించినవారిలోనూ కొందరు “నాకేమీ బాధ లేదు” అని మాత్రలు మానివేస్తారు. చివరకు పక్షవాతమో, గుండెపోటో, మూత్రపిండాల వైఫల్యమో ఆ ఇంటి సంపాదనపరుని మంచాన పడవేస్తుంది.

32 దేశాలలో పదివేల మందికి పైగా పరీక్షించిన ‘ఇంటర్‌సాల్ట్’ అధ్యయన ఫలితాలు 1988లో వెలువడ్డాయి. బ్రెజిల్ అడవులలోని యానోమామి తెగవారు ఉప్పు దాదాపుగా ఎరుగరు. వయస్సు పెరిగినా వారి రక్తపోటు పెరగలేదని అందులో తేలింది. వారి జీవన విధానంలోని ఇతర భేదాలూ ఇందుకు దోహదం చేసి ఉండవచ్చు. వంశపారంపర్యం, స్థూలకాయం, మద్యపానం కూడా రక్తపోటుకు కారణాలే. కాని మన చేతిలో ఉన్న సులభోపాయం ఉప్పును తగ్గించడమే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు సూచించిన పరిమితి రోజుకు 5 గ్రాముల లోపు. అనగా ఒక చిన్న చెంచాడు. పప్పులో, కూరలో, చారులో వేసిన ఉప్పుకు తోడు మామిడికాయ తొక్కు, అప్పడం, మిక్స్చరు చేరితే ఆ చెంచా ఎప్పుడో నిండిపోతుంది. సంక్రాంతి నాటి సకినాలు ఏడాదికొక పండుగ ముచ్చట. చిప్సు, నూడుల్సు మాత్రం యువతకు నిత్యకృత్యమయ్యాయి. సైంధవ లవణం వాడితే చాలుననడం కూడా భ్రమే. అందులోనూ అధికభాగం సోడియం క్లోరైడే.

ఉప్పును పూర్తిగా మానవలసిన పని లేదు. అయోడిన్ కలిసిన ఉప్పునే మితంగా వాడాలి. వడ్డించిన అన్నంలో మళ్లీ ఉప్పు కలుపుకోరాదు. నిమ్మరసం, చింతపండు, ధనియాలు, వెల్లుల్లి రుచి లోటును తీరుస్తాయి. క్రమంగా తగ్గిస్తే కొద్ది వారాలలో నాలుక అలవాటు పడుతుంది. మీ ఇంటి పెద్దలను ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకొనిపోయి రక్తపోటు పరీక్ష చేయించండి. వైద్యుడు చెప్పనిదే మందు మాన్పించకండి. చదువుకున్న బిడ్డ ఇంటికి చేయగల మేలు ఇంతకంటె ఏమున్నది?

అర్థాలు: షడ్రుచులు = ఆరు రుచులు; హితవు = ఇష్టమైనది; విసర్జించు = బయటికి పంపు; స్థూలకాయం = లావైన శరీరం.

ప్రశ్నలు:
1. ఉప్పు రక్తపోటును ఎట్లు పెంచుతుందో వివరించండి.
2. “కొరత తీరింది కాని మితం తప్పింది” – సందర్భసహితంగా వ్యాఖ్యానించండి.
3. మీ ఇంట ఒకరోజు ఉప్పు ఏయే పదార్థాల ద్వారా చేరుతున్నదో పట్టికగా రాయండి.