గుణకం: కడియం నర్సరీ బిల్లులో బీజగణితం

కడియం నర్సరీలో 12 గులాబీలు, 5 అంటుమామిడి మొక్కలు కొన్నారు. ఆటో కిరాయి 300 రూపాయలు. గులాబీ ధర గ, మామిడి ధర మ అనుకుంటే ఖర్చు 12గ + 5మ + 300. ఇందులో గ గుణకం 12, మ గుణకం 5, 300 స్థిరపదం. కార్తీకంలో గులాబీ ధర పెరిగితే మారేది గ విలువే, 12 కాదు. మూడు గులాబీలు వాపసు ఇస్తే 12గ − 3గ = 9గ. కానీ 12గ, 5మ కలిపి 17గమ అని రాయకూడదు. అవి సజాతి పదాలు కావు.

బిట్లలో దెబ్బతీసేది గుర్తు. −గ లో గుణకం సున్నా కాదు, −1. 7గ²మ లో గ² గుణకం 7మ, సంఖ్యా గుణకం మాత్రం 7. ప్రశ్నలో ‘సంఖ్యా’ అన్న మాట ఉందో లేదో చూశాకే ఆప్షన్ పెట్టండి.

వర్గ సమీకరణంలో మూలాల మొత్తం, లబ్ధం చెప్పడానికి గుణకాలు చాలు, మూలాలు కనుక్కోనక్కర్లేదు. 2గ² − 7గ + 3 = 0 లో మూలాల మొత్తం 7/2, లబ్ధం 3/2. (మూలాలు 3, 1/2, సరిచూసుకోండి.)

జీకే బిట్లు: తెలియని రాశులకు రంగుల పేర్లు వాడినవాడు బ్రహ్మగుప్తుడు, ఆయన బ్రహ్మస్ఫుటసిద్ధాంతం 628 నాటిది. మహావీరాచార్యుని గణితసార సంగ్రహాన్ని తెలుగు చేసింది పావులూరి మల్లన.

సాధన: (3గ − 1)⁴ విస్తరణలో గుణకాల మొత్తం ఎంత? గ = 1 పెట్టండి; 2⁴ = 16.