అవధానం, ధారణ : మెదడులో వీటికి ఉన్న లంకె

పరీక్షలు దగ్గరికొస్తే మన హాస్టల్లో అందరి నోటా ఒకటే మాట: చదివిన గానీ గుర్తుకొస్తలేదు. అందుకే ఈసారి గోడపత్రికకు ఈ పాఠం ఎంచుకున్నాను.

మన నుదుటి వెనుక ఉన్న మెదడు భాగం దృష్టిని ఒకచోట నిలపడానికి సాయపడుతుంది. మెదడు లోపల, చెవుల ఎత్తులో, రెండు పక్కలా హిప్పోకాంపస్ అనే చిన్న భాగం ఉంటుంది. సముద్రపు గుర్రం అనే చేపలాగ కనిపిస్తుందని ఆ పేరు పెట్టారు. కొత్త జ్ఞాపకం నిలవాలంటే ఇది కావాలి. 1953లో అమెరికాలో హెన్రీ మొలైసన్ అనే ఆయనకు మూర్ఛలు తగ్గాలని ఆపరేషన్ చేసి, రెండు పక్కలా దీన్ని చాలావరకు తీసేశారు. తర్వాత ఆయన ఒక అంకెను మనసులో అనుకుంటున్నంతసేపు చెప్పగలిగేవాడు. దృష్టి మళ్లిందా, అంకె పోయేది. ఎవరో అంకె చెప్పారన్న సంగతే పోయేది.

దృష్టికి మన తెలుగులో మంచి మాట అవధానం. అష్టావధానంలో ఎనిమిది మంది పృచ్ఛకులు కూర్చుంటారు. ఒకరు సమస్య ఇస్తారు, ఒకరు నాలుగు పదాలిచ్చి పద్యం చెప్పమంటారు, నిషిద్ధాక్షరి ఆయన అక్షరం అక్షరానికీ అడ్డం పడతాడు. ఒకరు మధ్యమధ్య గంట కొడతారు, అవి లెక్కపెట్టాలి. అప్రస్తుత ప్రసంగం చేసే ఆయన పనల్లా మాటల్లో పెట్టి దృష్టి చెడగొట్టడమే! (మన గదిలో ఆ పనికి మనుషుల కొరత లేదు.) పద్యం ఒక్కో పాదంగా, వంతులవారీగా చెప్పి, చివర అన్నీ కలిపి అప్పజెప్పాలి. అదే ధారణ. తిరుపతి వేంకట కవులు ఇద్దరూ కలిసి ఊరూరా అవధానాలు చేసి పేరు పొందారు.

వాళ్లకు సాయం చేసేది ఛందస్సు అని నాకనిపిస్తుంది. ఉత్పలమాలకు ఇరవై అక్షరాలు, పదో అక్షరం యతి, నాలుగు పాదాల్లో రెండో అక్షరం ప్రాస. పాదం మరిచినా రెండో అక్షరం తెలుసు కదా, వెతికే చోటు చిన్నదవుతుంది. మా ఉట్నూరు వైపు ప్రధానులు కీకిరి వాయిస్తూ గోండుల వంశాల కథలు పాడతారు. వాళ్లకు రాగమే ఆనవాలు.

ఇప్పుడు అసలు సంగతి. 1996లో కెనడా శాస్త్రవేత్త ఫెర్గస్ క్రెయిక్, తోటివాళ్లు ఒక ప్రయోగం అచ్చువేశారు. మాటలు నేర్చుకునేటప్పుడే తెర మీద గుర్తు చూసి మీట నొక్కే పని పెడితే, తర్వాత చాలా మాటలు గుర్తు రాలేదు. గుర్తు తెచ్చుకునేటప్పుడు అదే పని పెడితే, మాటలు కొంచెమే తగ్గాయి, కానీ మీట నొక్కడం నెమ్మదించింది. అంటే గుర్తు తెచ్చుకోవడం కూడా దృష్టిని తింటుంది.

ఇది చదివినప్పుడు నాకు మా సంగతే తోచింది. మా ఇంట్లో గోండీ మాట్లాడతాం. ఇంట్లో బడికి వచ్చిన మొదటిదాన్ని నేనే. క్లాసులో "బాష్పీభవనం" అని వినగానే దాని అర్థం కోసం లోపల వెతుకుతాను. ఆ వెతుకులాటలోనే దృష్టి ఖర్చయి, సార్ చెప్పే తర్వాతి వాక్యం లోపలికే పోదు. లోపలికి పోనిది పరీక్షలో ఎట్ల వస్తది? ఇట్లాంటి పిల్లల్ని జ్ఞాపకశక్తి లేనివాళ్లంటారు. అది నిజం కాదు. పాఠానికి ముందే కొత్త మాటల అర్థాలు బోర్డు మీద రాస్తే సగం బరువు దిగుతుంది.

ఇంకొకటి. 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికే అనే ఇద్దరు విద్యార్థులకు పాఠాలిచ్చి చూశారు. రెండోసారి కూడా చదివినవాళ్లకు వారం తర్వాత నూటికి 42 వంతులు గుర్తుంది. రెండోసారి చదవకుండా, గుర్తున్నది రాసినవాళ్లకు 56 వంతులు. అయిదు నిమిషాలకే అడిగితే మాత్రం మళ్లీ చదివినవాళ్లే ముందున్నారు. అందుకే రాత్రి చదివి పడుకుంటే అంతా వచ్చినట్టే ఉంటుంది!

వార్డెన్ మేడం గారికి మనవి. మన స్టడీ అవర్లో అందరం ఒకేసారి పైకి చదువుతుంటాం, బయట ఈసీఐఎల్ వైపు పోయే బస్సుల హారన్లు సరేసరి. మొదటి అరగంట నిశ్శబ్దంగా చదివి, తర్వాతి అరగంట పుస్తకాలు మూసి ఒకరినొకరం ప్రశ్నలడుగుదాం. తొమ్మిదో తరగతికి ఎనిమిది మంది పృచ్ఛకులు కావాలి. పేర్లు నాకివ్వండి. గంట కొట్టడానికి మాత్రం ఇప్పటికే ముగ్గురు వచ్చారు.