సారపాక చుట్టూ కరెంటు కొలువులు: ఏ చదువు ఎటైనా నిలబెడుతుంది?

పదో తరగతి ఫలితాలు వచ్చాయంటే సారపాక, బూర్గంపాడు, అశ్వాపురం, మణుగూరు ఇళ్లలో ఒకే చర్చ. బొగ్గుకు కాలం చెల్లిందంటున్నారు, రేపంతా సోలారే అంటున్నారు, మరి పిల్లవాణ్ని మైనింగ్ డిప్లొమాలో వేయాలా వద్దా? పెద్దవాడు ఐటీఐ ఫిట్టర్ చేసి ఇంట్లోనే ఉన్నాడు, చిన్నదాన్నైనా కంప్యూటర్స్‌కు పంపాలా? దీనికి జవాబు కోసం హైదరాబాదు దాకా పోనక్కర్లేదు. కరెంటు తయారయ్యే దారులన్నీ దాదాపు ఒక్కచోటే కనిపించే ప్రాంతాలు దేశంలో తక్కువ, వాటిలో మనది ఒకటి.

సారపాకలో 1979 నుంచి నడుస్తున్న పేపర్ మిల్లు, ఇప్పటి ఐటీసీ, తన కరెంటులో పెద్ద భాగం తానే తయారుచేసుకుంటుంది. మణుగూరులో సింగరేణి ఓపెన్‌కాస్ట్ గనులున్నాయి. ఆ పక్కనే 270 మెగావాట్ల యూనిట్లు నాలుగు, మొత్తం 1080 మెగావాట్ల భద్రాద్రి థర్మల్ కేంద్రం. అటు పాల్వంచలో కేటీపీఎస్ థర్మల్ కేంద్రం. అశ్వాపురంలో 1991లో మొదలైన భారజల కర్మాగారం అణు రియాక్టర్లకు కావలసిన భారజలాన్ని ఇస్తుంది. మణుగూరులోనే సింగరేణి 30 మెగావాట్ల సోలార్ ప్లాంటు పెట్టింది. పగిడేరులో భూమి లోపలి నుంచి ఉబికే వేడినీటితో 20 కిలోవాట్ల ప్రయోగాత్మక కేంద్రం ఏర్పాటైంది. ఇవన్నీ బస్సెక్కి వెళ్లి చూడగలిగిన దూరంలోనే ఉన్నాయి.

ముందుగా బొగ్గు సంగతి. 2070 నాటికి కార్బన్ ఉద్గారాల్లో నెట్ జీరో సాధిస్తామని 2021లో గ్లాస్గో సదస్సులో మన దేశం మాట ఇచ్చింది. 2025 మధ్యకల్లా దేశంలోని విద్యుత్ కేంద్రాల సామర్థ్యంలో సగం బొగ్గు, గ్యాస్ కానివాటిదే అయింది. అయినా ఏడాది పొడవునా మన ఇళ్లకు చేరే కరెంటులో ఇంచుమించు ముప్పావు వంతు ఇంకా బొగ్గుదే. సోలార్ పగలే పనిచేస్తుంది, మబ్బు పడితే తగ్గుతుంది. అందుకే 30 మెగావాట్ల సోలార్ ప్లాంటు రోజంతటి సగటున ఇచ్చేది ఐదారు మెగావాట్లే. పెట్రోలు, డీజిల్ కోసం వాడే ముడిచమురులో 85 శాతానికి పైగా బయటి దేశాల నుంచి కొనే మనకు, సొంత నేలలో దొరికే బొగ్గు ఒక ధైర్యం. నిల్వ బ్యాటరీలు, పంప్డ్ స్టోరేజీ కేంద్రాలు తగినన్ని వచ్చేదాకా ఆ ధైర్యాన్ని ఏ ప్రభుత్వమూ వదులుకోదు. ఇప్పుడు పదో తరగతి పాసైన పిల్లలు నడివయసుకు వచ్చేనాటికీ మణుగూరు బొగ్గు మండుతూనే ఉంటుందన్నది నా అంచనా.

అలాగని బొగ్గు ఉంటే కొలువులూ ఉంటాయని అనుకోవద్దు. తల్లిదండ్రులు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. 1990ల మొదట్లో సింగరేణిలో లక్ష మందికి పైగా పనిచేసేవారు. ఇప్పుడున్నది 40 వేల చుట్టూ. అప్పటితో పోలిస్తే ఉత్పత్తి మాత్రం ఎన్నో రెట్లు పెరిగి, 2023-24లో 7 కోట్ల టన్నులు దాటింది. ఆ ఉద్యోగాలు తగ్గడానికి కారణం సోలార్ కాదు. భూగర్భ బాయిల స్థానంలో ఓపెన్‌కాస్ట్ గనులు వచ్చాయి, తట్టా పారల స్థానంలో షావెళ్లు, డంపర్లు వచ్చాయి. పాల్వంచలో 2024 ఆగస్టులో పాత కేటీపీఎస్ కూలింగ్ టవర్లను కూల్చేశారు. ఆ పాత కేంద్రంలో ఎనిమిది యూనిట్లు కలిపి 720 మెగావాట్లు. 2018లో వచ్చిన ఏడో దశలో ఒక్క యూనిట్టే 800 మెగావాట్లు. ఎనిమిది యూనిట్ల పని ఒక్కదానికి వచ్చింది. నాన్న చేసిన పని కొడుక్కి అదే రూపంలో దొరకదు.

కాబట్టి ఏ ఇంధనాన్ని నమ్ముకోవాలి అని కాకుండా, ఏ పని నేర్చుకుంటే ఇంధనం మారినా చేతిలో ఉంటుంది అని చూసుకోవాలి. నాకు కనబడినంతలో అలాంటి పనులు మూడు: ఆవిరి, కరెంటు, కొలత.

ఆవిరి తెలిసినవాళ్లు

సారపాక మిల్లులో ఏం జరుగుతుందో చూద్దాం. చిప్స్‌గా కొట్టిన జామాయిల్, సుబాబుల్ కర్రను కాస్టిక్ సోడా, సోడియం సల్ఫైడ్ కలిసిన ద్రావణంలో ఉడికిస్తారు. పీచు పల్ప్‌గా విడిపోతుంది. కర్రను గట్టిగా పట్టి ఉంచే లిగ్నిన్ కరిగి, నల్లటి ద్రవంలో మిగులుతుంది. దాన్ని బ్లాక్ లిక్కర్ అంటారు. అందులోని నీటిని ఇగిర్చి, చిక్కబరిచి రికవరీ బాయిలర్‌లో మండిస్తారు. దాని వేడికి పుట్టిన ఆవిరి ముందు టర్బైన్‌ను తిప్పుతుంది, ఆ తర్వాత కాగితాన్ని ఆరబెడుతుంది. రసాయనాలు బాయిలర్ అడుగున కరిగిన ముద్దగా చేరి, శుద్ధి అయ్యాక మళ్లీ కర్ర ఉడికించడానికే వస్తాయి. చెట్టు పెరిగేటప్పుడు గాలి నుంచి తీసుకున్న కార్బనే మంటలో తిరిగి గాలిలో కలుస్తుంది. అందుకే నరికినచోట మళ్లీ నాటుతున్నంత కాలం దీన్ని పునరుత్పాదక ఇంధనం కింద లెక్కిస్తారు. అదే ఆవరణలో బొగ్గు బాయిలర్లూ ఉన్నాయి. ఒకటి తగ్గి మరొకటి పెరిగినా బాయిలర్ నడిపే మనిషి అవసరం పోదు.

అయితే అది ఆషామాషీ పని కాదు. రికవరీ బాయిలర్‌లో ఆ కరిగిన ముద్ద మీద నీళ్లు పడితే పేలుడే. ట్యూబ్ లీకును వెంటనే పసిగట్టి, కంగారు పడకుండా ఆపగలిగిన ఆపరేటర్‌కు ఎక్కడైనా విలువ ఉంటుంది. మెకానికల్ డిప్లొమా, ఫిట్టర్ ట్రేడ్ చదివినవాళ్లు అనుభవం సంపాదించి, రాష్ట్ర బాయిలర్ల శాఖ పరీక్ష రాసి అటెండెంట్ సర్టిఫికెట్ తెచ్చుకోవచ్చు. ఇంజనీర్లకు బాయిలర్ ఆపరేషన్ ఇంజనీర్ పరీక్ష ఉంది. ఆ సర్టిఫికెట్ థర్మల్ కేంద్రానికీ, చక్కెర మిల్లుకూ, ఇథనాల్ ఫ్యాక్టరీకీ, ఊకతో నడిచే ప్లాంటుకూ పనికొస్తుంది.

బీఎస్సీ కెమిస్ట్రీ చదివిన అమ్మాయిలకు ఇక్కడ ఒక దారి ఉంది, చాలామంది గమనించరు. బాయిలర్‌లోకి వెళ్లే నీటిలో సిలికా, ఆక్సిజన్ ఏ కాస్త మిగిలినా ట్యూబులు, టర్బైన్ బ్లేడ్లు పాడవుతాయి. అందుకే నీటిని క్రమం తప్పకుండా పరీక్షించే ల్యాబ్ పెద్ద ప్లాంట్లలో ఉంటుంది.

తీగ పట్టేవాళ్లు, లెక్క తేల్చేవాళ్లు

సోలార్ గురించి ఒక్క నిజం ముందే చెప్పాలి. ప్లాంటు కట్టే నెలల్లో వందల మందికి పని దొరుకుతుంది, కట్టాక కొద్దిమందే మిగులుతారు. సోలార్ కోర్సు ఒక్కటే చేసినవారికి చివరికి ప్యానెళ్లు కడిగే పనే దక్కవచ్చు. ముందు ఐటీఐ ఎలక్ట్రీషియన్ గానీ ఎలక్ట్రికల్ డిప్లొమా గానీ పూర్తిచేయండి, వైర్‌మన్ పర్మిట్ తెచ్చుకోండి. ఆపైన సూర్యమిత్ర వంటి మూడు నెలల శిక్షణ తీసుకుంటే ఇన్వర్టర్, ఎర్తింగ్, నెట్ మీటర్ పనులు చేతికొస్తాయి. పీఎం సూర్యఘర్ కింద ఇంటిపై 3 కిలోవాట్లు పెట్టుకుంటే రూ.78,000 వరకు రాయితీ ఉంది. భద్రాచలంలో, పాల్వంచలో సొంతంగా పని మొదలుపెట్టాలనుకునే కుర్రాళ్లు ఈ పథకాన్ని క్షుణ్ణంగా చదవాలి.

కొలత అంటే ఇంధనం, కార్బన్ లెక్క. 2023లో కేంద్రం కార్బన్ క్రెడిట్ ట్రేడింగ్ పథకాన్ని ప్రకటించింది. 2025లో ఉద్గార లక్ష్యాలు అందుకున్న తొలి పరిశ్రమల్లో పల్ప్, పేపర్ రంగం కూడా ఉంది. టన్ను కాగితానికి ఎంత బొగ్గు, ఎంత కరెంటు, ఎంత కార్బన్ అన్నది ఇక డబ్బుతో ముడిపడిన లెక్క. బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ జరిపే ఎనర్జీ మేనేజర్, ఎనర్జీ ఆడిటర్ పరీక్షలకు కొన్నేళ్ల అనుభవం కావాలి. కాబట్టి కొలువులో చేరిన రోజు నుంచే వాటిపై కన్నేసి ఉంచండి. ఇన్‌స్ట్రుమెంటేషన్ చదివినవారికి ఇది ఇంకా దగ్గరి దారి.

ఈ మూడింటిలో చేర్చలేదని మైనింగ్ చదువు వృథా అనను. కొత్తగూడెంలో 1978లో స్కూల్ ఆఫ్ మైన్స్‌గా మొదలైన కళాశాల 2025లో డాక్టర్ మన్మోహన్‌సింగ్ పేరిట ఎర్త్ సైన్సెస్ విశ్వవిద్యాలయమైంది. సింగరేణి కూడా 2025లో కర్ణాటకలోని దేవదుర్గలో బంగారం, రాగి అన్వేషణకు హక్కు దక్కించుకుంది. రాగి లేకుండా సోలారూ లేదు, విద్యుత్ వాహనమూ లేదు. ఓవర్‌మన్, సర్దార్ సర్టిఫికెట్లతో పాటు సర్వేయింగ్, జియాలజీ పట్టు ఉన్నవారికి బొగ్గు తర్వాతా పని ఉంటుంది. భూగర్భ గనుల్లో మహిళలు పనిచేయడానికి 2019లో షరతులతో అనుమతి వచ్చింది. ఆడపిల్లలు ఈ గ్రూపు వైపు చూడటానికి వెనకాడనక్కర్లేదు.

ఇక అశ్వాపురం భారజల కర్మాగారంలో కొలువుకు తెలిసినవారి మాట పనిచేయదు. అణుశక్తి విభాగం సంస్థలు జాతీయ స్థాయిలో పరీక్ష పెట్టి స్టైపెండరీ ట్రైనీలను తీసుకుంటాయి. మొదటి కేటగిరీ డిప్లొమా, బీఎస్సీ వారికి, రెండో కేటగిరీ ఐటీఐ, ఇంటర్ సైన్స్ వారికి. ఇంటర్‌లో గణితం, ఫిజిక్స్ గట్టిగా చదివిన కోయ పిల్లలు ఈ పరీక్ష గురించి వినకుండానే వయోపరిమితి దాటిపోవడం నన్ను బాధపెడుతుంది. ఉపాధ్యాయులు ఈ నోటిఫికేషన్లను నోటీసు బోర్డులో అంటించినా చాలు. శిక్షణ అవకాశాల కోసం భద్రాచలం ఐటీడీఏలో అడగండి.

ఏ దారి పట్టినా, జీతం అడిగేముందు కాంట్రాక్టు కింద చేరుతున్నామా, పీఎఫ్ కడతారా, ఈఎస్ఐ ఉందా, భద్రతా శిక్షణ ఇస్తారా అని అడగాలి. గనిలోనో మిల్లులోనో పర్మినెంట్ కొలువు ఇప్పిస్తామని లక్షలు అడిగే దళారులను గుమ్మంలోంచే పంపేయండి. ఐటీఐ మెమో చేతికి రాగానే జాతీయ అప్రెంటిస్ పోర్టల్‌లో పేరు నమోదు చేసుకోండి. సింగరేణి ట్రేడ్ అప్రెంటిస్‌లను ఆ నమోదు ద్వారానే తీసుకుంటుంది. డిప్లొమా, ఇంజనీరింగ్ వారికి నాట్స్ పోర్టల్ వేరుగా ఉంది. ఆధార్‌లోని పేరు, పుట్టినతేదీ పదో తరగతి మెమోతో సరిపోలకపోతే దరఖాస్తు అక్కడే ఆగిపోతుంది. ఆ సవరణ ఈ వేసవిలోనే చేయించుకోండి.