లైనక్స్‌లో షేర్డ్ ఫోల్డర్‌కి 777 ఇచ్చేస్తున్నారా? ఒక్క నిమిషం ఆగండి

మా ఇంట్లో ఒకే డెబియన్ కంప్యూటర్‌ని నేను, మా తమ్ముడు వేర్వేరు లాగిన్‌లతో వాడతాం. చెల్లి పెళ్లి ఖర్చుల షీట్‌లో ఇద్దరం రాసేవాళ్లం. నేను సేవ్ చేసిన ఫైల్ వాడికి రీడ్ ఓన్లీ అని వచ్చేది. విసుగొచ్చి ఫోల్డర్‌కి 777 ఇచ్చేశాను. వారం తిరక్కుండానే, గేమ్స్ కోసం పెట్టిన లాగిన్ నుంచి మా అబ్బాయి ఆ షీట్ డిలీట్ చేసేశాడు. బ్యాకప్ లేదు. తలుపు బార్లా తీసిపెట్టింది నేనే కదా!

ఇక్కడ గుర్తుంచుకోవాల్సింది ఒకటుంది. ఫైల్‌ని డిలీట్ చేయడానికి ఆ ఫైల్ మీద కాదు, అది ఉన్న ఫోల్డర్ మీద రైట్ పర్మిషన్ ఉంటే చాలు. 777లో చివరి 7 ఆ పర్మిషన్‌ని సిస్టమ్‌లోని యూజర్లందరికీ ఇచ్చేస్తుంది. మరి ఇద్దరికే ఇవ్వాలంటే?

1. రూట్‌గా ఒక గ్రూప్ క్రియేట్ చేసి, యూజర్‌మాడ్ కమాండ్‌తో ఇద్దరినీ చేర్చండి. ఇందులో క్యాపిటల్ జీతో పాటు మైనస్ ఏ కూడా తప్పనిసరి. అది మర్చిపోతే ఆ యూజర్ పాత అదనపు గ్రూపుల నుంచి, సుడోతో సహా, బయటికి వచ్చేస్తాడు. చేర్చాక లాగౌట్ అయి మళ్లీ లాగిన్ అవ్వాలి.

2. ఫోల్డర్‌ని హోమ్‌లో కాకుండా ఎస్‌ఆర్‌వీ డైరెక్టరీలో పెట్టి, దాని గ్రూప్ మార్చి, చ్‌మాడ్‌తో 2770 ఇవ్వండి. ముందున్న 2 అంటే సెట్‌జీఐడీ. దీనివల్ల లోపల కొత్తగా క్రియేట్ అయ్యే ఫైళ్లకి ఫోల్డర్ గ్రూపే వస్తుంది. చివరి సున్నా బయటివాళ్లని ఆపుతుంది.

3. చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. కానీ గ్రూప్ సరిగ్గా వచ్చినా రైట్ పర్మిషన్ రాకపోవచ్చు. కారణం యూమాస్క్. అది 022 అయితే కొత్త ఫైల్ 644తో, 002 అయితే 664తో తయారవుతుంది. అందరి యూమాస్క్ మార్చే బదులు, సెట్‌ఎఫ్‌ఏసీఎల్‌తో ఆ ఫోల్డర్‌కి మాత్రమే డిఫాల్ట్ ఏసీఎల్ పెట్టడం నయం.

పాత ఫైళ్లకి ఇవేవీ వాటంతట అవే రావు, వాటి గ్రూప్, పర్మిషన్లు విడిగా మార్చాలి. వేరే చోటి నుంచి మూవ్ చేసిన ఫైల్ కూడా సాధారణంగా పాత గ్రూప్‌తోనే వస్తుంది. కాపీ చేస్తే ఆ ఇబ్బంది ఉండదు.

ఒకరి ఫైల్ ఇంకొకరు డిలీట్ చేయకూడదనుకుంటే 2770 బదులు 3770 ఇవ్వండి. ఇప్పుడు మా ఫోల్డర్ అలాగే ఉంది. బ్యాకప్ కూడా ఉందండోయ్!