లారీ నడిపే అబ్బాయి సంబంధం

చెల్లీ, నువ్వు ఫోన్లో అడిగిన మాట నన్ను వదలడం లేదు. “అబ్బాయి మంచివాడేనక్కా, నాకూ నచ్చాడు. కానీ లారీ నడుపుతాడు. జీవితాంతం ఆ పని చేసుకుంటూ బతకగలమా?” అన్నావు. బాబాయి ససేమిరా అంటున్నాడట, పిన్నేమో ఎటూ తేల్చలేకపోతోందట. నీకు చెప్పేదేదో ఇక్కడే చెబుతాను. లారీ డ్రైవరంటే పిల్లనివ్వడానికి వెనకాడే ఇళ్లు మన చుట్టూ చాలానే ఉన్నాయి, వాళ్లూ వింటారు.

ముందు బాబాయికి ఒక మాట. లారీ నడపడం ఏ చదువూ అబ్బనివాడు చివరికి చేరే పనేమీ కాదు. ఆ అబ్బాయి వేసేది చేపల లోడు అన్నావు కదా. ఆకివీడు, కైకలూరు చెరువుల్లో పట్టిన చేపకు ఐసు పెట్టి హౌరా పంపుతారు. సుమారు 1,200 కిలోమీటర్లు. ఐసు కరిగేలోపు చేరాలి, చేరకపోతే సరుకు కుళ్లి లక్షలు పోతాయి. అంత సొమ్ము ఒక మనిషి చేతిలో పెట్టి పంపుతున్నారంటే ఆ చేతిమీద ఎంత నమ్మకం ఉండాలి! లైసెన్సు కూడా ఊరికే రాదు. 20 ఏళ్లు నిండాలి, అంతకుముందు కనీసం ఏడాదిపాటు చిన్న బండి లైసెన్సు ఉండాలి.

మా పెద్దన్నయ్య గుంటూరు మిర్చి యార్డు లోడ్లు తోలేవాడు. మిర్చి టిక్కీలు (బస్తాలు) ఎక్కించాక తాళ్లు బిగించే పని ఇంకొకరికి వదిలేవాడు కాదు. పట్టా కప్పి, బండి చుట్టూ తిరిగి, ప్రతి ముడీ లాగి చూసుకుని గానీ స్టీరింగ్ పట్టేవాడు కాదు. ఇంజను చప్పుడులో తేడా వస్తే మెకానిక్కు కంటే ముందు తనకే తెలిసేది. పదో తరగతితో చదువు ఆపినవాడు హిందీ, ఒరియా, బెంగాలీ గడగడా మాట్లాడతాడు. ఇప్పటికీ ఏ ఊరి మాట వచ్చినా ఆ దారిలో ఎక్కడ మలుపుందో, ఎక్కడ పప్పు బాగుంటుందో చెబుతుంటే అతని మొహం చూడాలి. పనిలో తృప్తి అంటే అదే కదా. నెత్తిన ఎవరూ నిలబడరు, చేసిన పని కళ్లకు కనిపిస్తుంది.

మరి వదిన ఎందుకు ఏడ్చేది అంటావా? చెబుతా.

చాలామంది ఓనర్ల దగ్గర నెల జీతం అన్నది పేరుకే. ట్రిప్పుకింత అని ముట్టజెబుతారు. దారి ఖర్చులు, తిండి, క్లీనరు బత్తా పోగా మిగిలిందే డ్రైవరుది. కాబట్టి ఎన్ని ట్రిప్పులు తిరిగితే అంత రాబడి. అంటే నిద్ర అమ్ముకుని సంపాదించడం. పైగా ఇప్పుడు ఖర్చు కలిసొస్తుందని చాలా బండ్లకు క్లీనరునే తీసేశారు. తెల్లవారుజామున కళ్లు మూతపడుతుంటే పలకరించే మనిషి కూడా పక్కన ఉండడు. ఇక సరుకు దించేచోట ఎదురుచూపులు. గోడౌను ముందు వరుసలో బండి ఆగి, రోజుకు రోజు గడిచిపోతుంటే ఆ రోజులకు అన్నయ్య చేతికి వచ్చింది తక్కువ. పిల్లాడి పుట్టినరోజుకు వస్తానన్న మనిషి ఏ గోడౌను గేటు దగ్గరో కూర్చునుండేవాడు. వదిన కన్నీళ్లు ఎక్కువగా ఆ ఎదురుచూపుల వల్లే, స్టీరింగ్ వల్ల కాదు.

చట్టాలు లేవా అంటే ఉన్నాయి. 1961లోనే మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు అని పని వేళలు రాసిపెట్టింది. కానీ ఐదుగురో, అంతకంటే ఎక్కువ మందో పనిచేసే సంస్థలకే అది వర్తించేలా రాశారు. ఒకటి రెండు లారీలున్న ఓనరు దగ్గర చేరిన డ్రైవరు సంగతి ఎవరికి పట్టింది? పీఎఫ్ కూడా 20 మంది పనివాళ్లున్న చోటే తప్పనిసరి. నాకు కోపం వచ్చేది ఇక్కడే చెల్లీ. మనం తినే బియ్యం, వేసుకునే మందుబిళ్ల, ఇంటికి వాడే సిమెంటు అన్నీ మోసుకొచ్చే మనిషికి ముసలితనంలో ఆసరా మాత్రం ఎవరూ రాసిపెట్టలేదు.

కొంత మారిందిలే. 2017 జూలైలో జీఎస్టీ వచ్చాక రాష్ట్రాల సరిహద్దుల్లో పన్ను చెక్‌పోస్టుల దగ్గర పడిగాపులు తప్పాయి. 2025లో, కొత్తగా తయారయ్యే పెద్ద లారీలకు ఏసీ క్యాబిన్ తప్పనిసరి చేశారు. మే నెల ఎండలో ఇంజను సెగ కాళ్లకు కొడుతుంటే బండి నడిపినవాళ్లకు అది ఎంత మేలో తెలుస్తుంది. కాకపోతే పాత బండ్లు ఇంకా రోడ్ల మీదే ఉన్నాయి. నీకు వచ్చిన అబ్బాయి ఏ బండి ఎక్కుతున్నాడో కనుక్కో.

ప్రమాదం భయం గురించి దాచను. 2024 జనవరి మొదట్లో హైదరాబాద్ పెట్రోలు బంకుల ముందు బారులు తీరాం, గుర్తుందా? ప్రమాదం చేసి పోలీసులకు చెప్పకుండా వెళ్లిపోతే పదేళ్ల దాకా జైలు అన్న కొత్త నిబంధన మీద ట్యాంకర్ డ్రైవర్లు బండ్లు ఆపేసిన రోజులవి. ఆగితే జనం కొడతారు, ఆగకపోతే జైలంటారు అని వాళ్ల గోడు. జూలైలో కొత్త క్రిమినల్ చట్టాలు అమల్లోకి వచ్చినప్పుడు ఆ ఒక్క నిబంధనను పక్కన పెట్టారు. చట్టం సంగతి అలా ఉంచితే, అర్ధరాత్రి ఫోను మోగినప్పుడు వదిన గుండె ఎలా కొట్టుకునేదో నేను చూశాను. ఈ సంబంధం చేసుకుంటే ఆ భయం నీకూ ఉంటుంది.

సొంత లారీ ఆశ ఇంకొకటి. ప్రతి డ్రైవరుకూ ఉంటుంది, తప్పు కాదు. కానీ ఫైనాన్సులో బండి తీసుకుంటే కిస్తీ నెలనెలా కచ్చితంగా వస్తుంది, లోడు అలా రాదు. టైర్లు, ఇన్సూరెన్సు, ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) ఖర్చులు వేరే. చేతిలో కొన్ని నెలల కిస్తీ డబ్బు లేకుండా ఆ దారి పట్టనివ్వకు. నీ మెళ్లో బంగారం మీద పెట్టుబడి అసలే వద్దు.

ఆడవాళ్లు ఈ పనికి పనికిరారన్న మాట కూడా నేను ఒప్పుకోను. లా చదివిన యోగితా రఘువంశీ భర్త పోయాక పిల్లల కోసం భోపాల్ నుంచి లారీ నడిపింది. మన ఉమ్మడి నల్లగొండ జిల్లా పిల్ల సరిత 2015లో ఢిల్లీ రవాణా సంస్థకు మొదటి మహిళా బస్సు డ్రైవరైంది. వాళ్లకు చేతకాక కాదు, దారి పొడవునా శుభ్రమైన మరుగుదొడ్డి, భయం లేకుండా పడుకునే చోటు లేక మిగతా ఆడపిల్లలు ఆగిపోయారు.

ఇక నా తీర్పు అడిగావు కనుక చెబుతున్నా. నలభై, నలభై అయిదేళ్ల దాకా ఇది తృప్తినిచ్చే పనే. ఆ తర్వాత నడుము, కళ్లు, షుగరు మాట వినవు. మా అన్నయ్యా ఆ వయసులోనే దూరపు లోడ్లు మానుకుని, సాయంత్రానికి ఇల్లు చేరే దగ్గరి ట్రిప్పులకు మారాడు. కాబట్టి జీవితాంతం హౌరా ట్రిప్పులే అంటే వద్దంటాను. ఇవాళ్టి నుంచే ఆ మలుపు మనసులో పెట్టుకున్న అబ్బాయైతే చేసుకోమంటాను.

ఈసారి అతను వచ్చినప్పుడు సిగ్గుపడకుండా అడుగు. నెల జీతమా, ట్రిప్పు లెక్కా? దూరపు లోడుకు రెండో డ్రైవరు ఉన్నాడా? ఏడాదికి 20 రూపాయలతో 2 లక్షల ప్రమాద బీమా ఇచ్చే సురక్షా బీమా అయినా కట్టాడా? అటల్ పెన్షన్‌లో నలభై దాటితే చేర్చుకోరు, ఈ నెలలోనే చేరమను. వీటికి అతను విసుక్కోకుండా జవాబు చెబితే బాబాయికి నేనే ఫోన్ చేసి ఒప్పిస్తాను.