వాద్యం పోయాక అడిగే మూడు ప్రశ్నలు

యానాంలో పుట్టి, ఉద్యోగం కోసం పుదుచ్చేరి వచ్చి, కురుచికుప్పంలోనే స్థిరపడ్డవాణ్ణి. పగలు బీమా కంపెనీలో క్లెయిముల ఫైళ్ళు చూసేవాణ్ణి, రాత్రిళ్ళు ఆర్కెస్ట్రాలో తబలా వాయించేవాణ్ణి. రిటైరయ్యాక ఫైళ్ళు వదిలాయి గానీ, వాద్యాలు పోగొట్టుకున్న కుర్రాళ్ళు ఇప్పటికీ మా అరుగు మీదికి వస్తూనే ఉంటారు. కీబోర్డు పోయిందని ఒకడు, మిక్సరూ మైకులూ పోయాయని ఇంకొకడు. మాసి మఘానికి పక్కనున్న వైత్తికుప్పం తీరానికి ఊరూరి దేవుళ్ళు తీర్థవారికి, అంటే సముద్రస్నానానికి వస్తారు. నాదస్వరాలు, డోళ్ళు, మైక్‌సెట్లు అన్నీ ఒక్కచోట చేరతాయి. ఆ జనంలో ఏ పెట్టె ఎవరు మోస్తున్నారో ఎవరు చూడొచ్చారు?

వచ్చినవాళ్ళకు నేను మొదట చెప్పేది ఒక్కటే. ఇక మీరు మూడు గుమ్మాల ముందు నిలబడాలి. పోలీసులు "ఎవరు తీశారు?" అంటారు. బీమావాళ్ళు "ఎలా పోయింది?" అంటారు. వస్తువు దొరికితే కోర్టు "ఇది ఎవరిది?" అంటుంది. మనవాళ్ళు ముగ్గురికీ ఒకే జవాబు చెబుతారు: "సార్, అది నా ప్రాణం సార్." నిజమే. కానీ ఆ మూడు ప్రశ్నల్లో దేనికీ అది జవాబు కాదు.

1. పగిలిన తాళం మీద చెయ్యి వేయకండి

దొంగతనం చూడగానే మనవాళ్ళు చేసే మొదటి పని గది సర్దడం, రెండో పని కొత్త తాళం కొనడం. రెండూ కాసేపు ఆపండి. విరిగిన గొళ్ళెం, వంగిన కిటికీ చువ్వ, నేలమీద పెంకులు, ఉన్నవి ఉన్నట్టు ఫోనులో ఫొటోలు తీయండి. పోలీసులు చూసి వెళ్ళాకే బాగుచేయించండి. బాగుచేసినవాడి దగ్గర బిల్లు తీసుకోండి, పాత తాళం పారేయకండి. దాని విలువ మూడో పాఠంలో తెలుస్తుంది.

2. రసీదు వేరు, ఎఫ్ఐఆర్ వేరు

ఫిర్యాదు అందినట్టు స్టేషన్‌లో ఇచ్చే చీటీ పట్టుకుని చాలామంది ఇంటికి వచ్చేస్తారు. బీమాకు కావలసింది ఎఫ్ఐఆర్. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం, నేరం ఏ స్టేషన్ పరిధిలో జరిగినా ఫిర్యాదు తీసుకోవాలి. దాన్నే జీరో ఎఫ్ఐఆర్ అంటున్నారు. ఫోనులోనో మెయిల్‌లోనో పంపితే మూడు రోజుల్లో వెళ్ళి సంతకం చేయాలి. ఎఫ్ఐఆర్ నకలు ఉచితంగా ఇవ్వాలి. స్టేషన్‌లో నమోదు చేయకపోతే ఎస్పీకి పోస్టులో పంపవచ్చు, అక్కడా కదలకపోతే మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్ళవచ్చు.

"సంగీత పరికరాలు పోయాయి" అని ఒక్క వాక్యం రాసి ఊరుకోకండి. ఒక్కో వస్తువుకీ ఒక్కో వరుస: కంపెనీ, మోడల్, సీరియల్ నంబరు, రంగు, ఎక్కడ గీత పడింది, ఎప్పుడు కొన్నారు, ఎంతకు కొన్నారు. కేబుళ్ళు, స్టాండ్లు, అడాప్టర్లు, పెట్టెలు కూడా. ఎఫ్ఐఆర్‌లో లేని వస్తువును తర్వాత క్లెయిములో చేరిస్తే, మీరెంత నిజాయితీపరులైనా అవతలివాడికి అనుమానం రాకమానదు.

3. బీమా భాషలో ప్రతి దొంగతనమూ దొంగతనం కాదు

చాలా ఫైళ్ళు మునిగింది ఇక్కడే. మనం తీసుకునేది సాధారణంగా బర్గ్లరీ పాలసీ. తాళమో తలుపో పగలగొట్టో, మనిషిని బెదిరించో లోపలికి వస్తేనో బయటికి పోతేనో మాత్రమే దాని షరతు నెరవేరుతుంది. తెరిచి ఉన్న రిహార్సల్ గదిలోంచి ఎవడో గిటారు భుజాన వేసుకుని నడిచిపోతే, చట్టానికి అది దొంగతనమే, ఆ పాలసీకి మాత్రం కాదు. 2004లో యునైటెడ్ ఇండియా ఇన్సూరెన్స్, హర్‌చంద్ రాయ్ చందన్ లాల్ కేసులో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. పాలసీలో బలప్రయోగం అని రాసి ఉంటే, ఆ మాటను దాటి అర్థం చెప్పుకోవడం కుదరదు.

అందుకే ఒకటో పాఠంలో తాళం సంగతి చెప్పాను. అలాగని లేని పగులు సృష్టించకండి. నష్టం లెక్కగట్టడానికి వచ్చే సర్వేయరు కళ్ళకు ఏ గాటు ముందుదో ఏది తర్వాతదో తెలుస్తుంది. అబద్ధం బయటపడితే నిజంగా రావలసిన డబ్బూ పోతుంది.

4. సామాను ఎక్కడెక్కడ తిరుగుతుందో పాలసీ అక్కడికి వస్తుందా?

గోడౌన్ చిరునామా మీద తీసుకున్న బర్గ్లరీ పాలసీ పెళ్ళిమండపానికి రాదు. వ్యానుకున్న మోటారు పాలసీ వ్యానుకే, అందులోని స్పీకర్లకు కాదు. ఊళ్ళు తిరిగేవాళ్ళు అడగాల్సింది ఆల్ రిస్క్ పాలసీ. అందులోనూ "ఎవరూ లేని వాహనంలోంచి పోతే" అనే పేరా వెతికి చదవండి. డ్రైవరు టీకి దిగిన ఆ కాసేపటికి వర్తించేది ఆ పేరానే. మీ దగ్గర పనిచేసే కుర్రాడే తీసుకుపోతే బర్గ్లరీ పాలసీ సాధారణంగా ఇవ్వదు, దానికి ఫిడెలిటీ గ్యారంటీ అని వేరే ఉంది. అద్దెకు తెచ్చిన సామానైతే, అది మీ బాధ్యతలో ఉందని పాలసీలో రాయించాలి.

తుపానుల ఊరు మనది. 2024 నవంబరు 30న ఫెంగల్ పుదుచ్చేరి దగ్గరే తీరం దాటింది. నీళ్ళకు ఇళ్ళు వదిలి వెళ్ళినప్పుడు సామాను పోతే? 2021 ఏప్రిల్ 1న వచ్చిన భారత్ గృహ రక్ష పాలసీలో, అలాంటి విపత్తు కారణంగా ఏడు రోజుల లోపు జరిగిన దొంగతనం కూడా చేరుతుంది. అయితే అది ఇంటి సామానుకు. కచేరీలకు అద్దెకిచ్చే మైక్‌సెట్ వ్యాపార సామాను. దానికి చిన్న వ్యాపారాల పాలసీ వేరే తీసుకోవాలి.

5. ప్రీమియం మిగిల్చినచోటే పరిహారం తరుగుతుంది

లెక్క చూడండి. మీ సామాను మొత్తం విలువ నాలుగు లక్షలు. ప్రీమియం తగ్గుతుందని రెండు లక్షలకే పాలసీ తీసుకున్నారు. లక్ష రూపాయల సామాను పోయింది. "రెండు లక్షల పాలసీ ఉందిగా, లక్ష వస్తుంది" అనుకుంటారు. సగానికే బీమా చేశారు కాబట్టి చేతికొచ్చేది యాభై వేలు. అందులోంచి అరుగుదల, మీరు భరించాల్సిన మొదటి కొంత మొత్తం కూడా పోతాయి. కొత్త వస్తువు కొనే ధర ఇస్తారా, పాత వస్తువుకు ఇవాళ్టి ధర ఇస్తారా అన్నది సంతకానికి ముందే అడగాలి. సంతకం అయ్యాక అడిగితే దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టే.

6. నంబరు లేని వాద్యానికి మీరే గుర్తు పెట్టాలి

కీబోర్డు అడుగున సీరియల్ నంబరు ఉంటుంది. వీణకు ఏముంటుంది? బొబ్బిలిలో పనసచెక్కతో చేసిన వీణ అయినా, మీ తాతగారి మృదంగం అయినా, కాగితం మీద చూస్తే మరో వీణ, మరో మృదంగం. కాబట్టి ముందూ వెనకా, యాళి ముఖం, మెట్లు, అతుకు వేసిన చోటు, అన్నీ దగ్గర నుంచి ఫొటోలు తీసి పెట్టండి. కంటికి కనపడని చోట చిన్న గుర్తు వేయించండి. బిల్లు లేని పాత వాద్యాలకు, తయారుచేసేవారి చేత విలువ రాయించి తేదీతో సంతకం తీసుకోండి. ఇవన్నీ ఫోనులో ఒక్కచోటే ఉంచకండి, ఫోను కూడా పోవచ్చు.

చిన్న కాగితాన్ని తీసిపారేయకండి. 1999లో న్యూయార్క్‌లో చెల్లో విద్వాంసుడు యో యో మా తన 1733 నాటి చెల్లోను టాక్సీలో మరిచి దిగిపోయాడు. అదే రోజు దొరికింది. కారణం, టాక్సీవాడిచ్చిన రసీదు ఆయన దగ్గర ఉండడం.

7. రైలులో పోతే రైల్వే ఇస్తుందని ఎదురుచూడకండి

కాకినాడ వైపు ప్రోగ్రాములకు రైలెక్కే మన బృందాలకు ఈ మాట. బుక్ చేసి రసీదు తీసుకోని సామానుకు, తమ నిర్లక్ష్యం రుజువైతే తప్ప రైల్వేది బాధ్యత కాదని 1989 రైల్వే చట్టం 100వ సెక్షన్ చెబుతుంది. నడుముకు కట్టుకున్న డబ్బు రైలులో పోయిన కేసులో 2023లో సుప్రీంకోర్టు కూడా దాన్ని రైల్వే సేవాలోపంగా చూడలేదు. ఫిర్యాదు మాత్రం వెంటనే రాసివ్వండి. దిగే ఊరు దాకా ఆగనక్కరలేదు, ఫారం టీటీఈ దగ్గరే ఉంటుంది.

8. సర్వేయరుకు టీ ఇవ్వండి, కథ చెప్పకండి

సర్వేయరు కంపెనీ గుమాస్తా కాదు, బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ లైసెన్సు ఉన్న స్వతంత్ర మనిషి. అడిగినదానికి కాగితం చూపించండి, ఇచ్చిన ప్రతి కాగితానికీ అందినట్టు రాయించుకోండి. కంపెనీకి తెలియజేయడం కూడా అదే రోజు మెయిల్‌లో చేయండి. ఒకవేళ ఆలస్యమైతే కుంగిపోవద్దు. ఎఫ్ఐఆర్ వెంటనే ఇచ్చి ఉంటే, కంపెనీకి ఆలస్యంగా చెప్పారన్న ఒక్క కారణంతో నిజమైన క్లెయిమును తోసిపుచ్చకూడదని 2020లో గుర్‌షిందర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అది వాహనం పోయిన కేసు. అయినా మీ వాదనకు బలమిస్తుంది.

పోలీసులకు వస్తువు దొరకకపోతే, ఆచూకీ దొరకలేదన్న తుది నివేదిక నకలు అడిగి తీసుకోండి. చాలా ఫైళ్ళు ఆ ఒక్క కాగితం కోసమే ఆగిపోతాయి.

9. డబ్బు తీసుకున్నాక వాద్యం దొరికితే?

క్లెయిము చెల్లించేటప్పుడు కంపెనీ ఒక హక్కుల పత్రం మీద సంతకం పెట్టించుకుంటుంది. ఆ తర్వాత వస్తువు దొరికితే దాని మీద హక్కు కంపెనీది. లండన్‌లో మిన్ కిమ్ అనే విదుషీమణి 1696 నాటి స్ట్రాడివేరియస్ వయొలిన్ 2010లో యూస్టన్ స్టేషన్ దగ్గర కాఫీ దుకాణంలో పోయింది. బీమా డబ్బుతో ఆమె ఇంకో వయొలిన్ కొనుక్కుంది. 2013లో పాతది దొరికేసరికి తిరిగి కొనే స్తోమత లేదు, అది వేలానికి పోయింది. అమెరికాలో రోమన్ టోటెన్‌బర్గ్ అనే విద్వాంసుడి వయొలిన్ 1980లో పోయి 2015లో దొరికింది. ఆయన అప్పటికే కన్నుమూశాడు. ఆయన అప్పట్లో తీసుకున్న బీమా డబ్బు కూతుళ్ళు తిరిగి కట్టి వయొలిన్ తెచ్చుకున్నారు. తాతల నాటి వాద్యం పోయినవాళ్ళు, "దొరికితే డబ్బు తిరిగిచ్చి నేనే తీసుకుంటాను" అని ముందే కంపెనీకి రాసి ఒప్పించుకోవడం మంచిది.

డబ్బు తీసుకోకముందే దొరికితే వాద్యం స్టేషన్ గదిలో పడి ఉంటుంది. మన సముద్రపు గాలికి అక్కడ స్పీకరు ఏమవుతుందో చెప్పనక్కరలేదు. కేసు తేలేదాకా ఆగాల్సిన పనిలేదు. సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయ్ కేసులో 2002లో సుప్రీంకోర్టు, ఫొటోలు తీసి, బాండు రాయించుకుని సొంతదారుకు త్వరగా ఇచ్చేయమంది. నాగరిక సురక్షా సంహిత 497వ సెక్షన్‌లో దానికి గడువులు కూడా పెట్టారు. దరఖాస్తుతో పాటు మీ బిల్లు, సీరియల్ నంబరు, ఫొటోలు పెట్టండి. "ఎవరిది" అన్న ప్రశ్నకు జవాబు అవే.

10. కాదన్నారా? ఎందుకో రాసిమ్మనండి

నోటిమాటతో తిప్పి పంపితే కదలకండి. తిరస్కరణ కాగితం మీద, పాలసీలోని ఏ షరతు కిందో ఉండాలి. ముందు కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాయండి. నెలలో జవాబు రాకపోయినా, వచ్చినది నచ్చకపోయినా బీమా అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్ళండి. ఫీజు లేదు, లాయరు అక్కరలేదు, 50 లక్షల దాకా పరిహారం ఇప్పించగలరు. గడువు ఏడాది. పుదుచ్చేరి పట్టణంలో ఉండే మనం చెన్నై ఆఫీసుకు రాయాలి. యానాంలో ఉండే మన బంధువులు రాయాల్సింది హైదరాబాదుకు. ఒకే కేంద్రపాలిత ప్రాంతం కదా అని తప్పు చోటికి పంపితే కాగితం తిరిగొస్తుంది, గడువు మాత్రం ఆగదు. ఐఆర్‌డీఏఐ వారి 155255 నంబరుకూ ఫోన్ చేయవచ్చు. వినియోగదారుల కమిషన్ దారి వేరే ఉంది, దానికి రెండేళ్ళు.

11. చౌకబేరం ముందు మీరే కోర్టు

పోయిన వాద్యం చాలాసార్లు మరో వాద్యకారుడి చేతికే చేరుతుంది. కాబట్టి సీరియల్ నంబరుతో తోటి బృందాలకు, రిపేరు షాపులకు, పాత సామాను కొనేవాళ్ళకు వెంటనే చెప్పండి. ఎక్కడైనా కనిపిస్తే బేరానికి దిగకండి, ఫొటో పట్టుకుని స్టేషన్‌కు వెళ్ళండి.

ఇక ఎవరైనా సగం ధరకు కీబోర్డు తెచ్చి, బిల్లు లేదన్నా, నంబరు చీటీ గీకేసి ఉన్నా, అది దొంగసొత్తని తెలిసో, అలా నమ్మడానికి కారణం ఉండో కొంటే భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ కింద మూడేళ్ళ దాకా జైలు. అమ్మేవాణ్ణి ఆ ప్రశ్న మీరే అడగండి: "ఇది ఎవరిది?" కాగితం చూపించలేకపోతే కొనకండి. మనలో కొనేవాడు లేకపోతే ఆ దొంగకు కీబోర్డుతో పనేముంది?